ఇంజన్ వేడెక్కాక నడుస్తూనే ఆగిపోతోంది, చల్లబడితే మళ్లీ మామూలే: కారణం ఎలా పట్టుకోవాలి?

దారిపొడవునా

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఈ సమస్యతో విసిగిపోయాను. 14 ఏళ్ల నాటి పెట్రోలు కారు, నాలుగు సిలిండర్లు, మల్టీపాయింట్ ఇంజెక్షన్. ఉదయం సెల్ఫు కొట్టగానే అందుకుంటుంది. 25 నిమిషాలు, అరగంట వరకు ఏ లోపమూ ఉండదు. ఆ తర్వాత ఎవరో తాళం తిప్పేసినట్టు ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ముందుగా కుదుపు ఉండదు, శబ్దం మారదు. మళ్లీ సెల్ఫు కొడితే మోటారు చక్కగా తిరుగుతుంది గాని ఇంజన్ అందుకోదు. పావుగంట, 20 నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ఎండలో, వాహనాల రద్దీలో ఎక్కువగా వస్తోంది.

ఇప్పటికే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు మార్చారు. స్కానర్ పెడితే లోపం చెప్పే కోడ్ ఒక్కటీ లేదు. చెక్ ఇంజన్ లైటు ఇంతవరకు హెచ్చరించలేదు. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటుంది. షెడ్డులో నిలబెట్టి గంటసేపు నడిపినా ఆగదు. ఇప్పుడు కాయిల్ (ప్లగ్గులకు నిప్పురవ్వ కరెంటు ఇచ్చే చుట్ట) మార్చి చూద్దామంటున్నారు. ఊహ మీద ఇంకొక భాగం మార్చే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది. దారి చూపండి.

స్పానరుచేయి

మీ బాధ అర్థమైంది. ఈ పనిలో 28 ఏళ్లుగా ఉన్నాను, ఇలాంటి బండ్లు చాలా చూశాను. వీటితో వచ్చే చిక్కేమిటంటే, మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి జబ్బు ఉండదు. బాగా నడుస్తున్న ఇంజన్ మీద ఎన్ని పరీక్షలు చేసినా ఏం తెలుస్తుంది? మీ చేతికి దొరికే ఆధారమల్లా బండి ఆగిపోయిన ఆ పావుగంటే. చల్లబడుతుందిలే అని ఆ సమయంలో ఊరికే కూర్చోకండి.

ముందు ఆగే తీరు చూడాలి. పెట్రోలు అందక ఆగే ఇంజన్ సాధారణంగా తడబడుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా లాగదు, రెండు మూడు సార్లు కుదిపి ఆగుతుంది. నిప్పురవ్వ మొత్తానికే పోతే తాళం తిప్పినట్టు ఆగుతుంది. మీరు చెప్పింది రెండో రకం. మీ బండికి సిలిండరుకు ఒక కాయిల్ చొప్పున ఉంటే కాయిల్‌ని ఇప్పుడే మార్చనివ్వకండి. ఒక కాయిల్ పోతే ఒక సిలిండరే పోతుంది, ఇంజన్ వణుకుతుంది కాని ఆగదు. నాలుగూ ఒకే క్షణంలో పోయి, 20 నిమిషాల తర్వాత నాలుగూ కలిసి తిరిగి రావడం జరిగే పని కాదు.

ఈసారి ఆగినప్పుడు ఇవి చూడండి. బండి గేరులోనే దొర్లుతుండగా ఆర్‌పీఎం ముల్లు మెల్లగా దిగిందా, టక్కున సున్నాకు పడిందా? పక్కకు ఆపాక తాళం ఆన్ చేస్తే వెనుక ట్యాంకులో ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు మోగిందా? ట్యాంకు మూత తీస్తే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చిందా? చిన్న స్పార్క్ టెస్టరు ఒకటి దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది. ప్లగ్గు వైరు ఊడదీసి గాలిలో రవ్వ ఎగిరించి చూడటం మాత్రం వద్దు, కాయిల్ పాడవుతుంది, చేతికీ ప్రమాదం.

పాతకార్బురేటర్

ట్యాంకు మూత సంగతి తేలికగా తీసుకోకండి. నా దగ్గర ఉన్న పాత కారు సరిగ్గా అరగంటకోసారి ఆగేది. కార్బురేటర్ విప్పాను, పాయింట్లు మార్చాను, కండెన్సర్ మార్చాను. చివరికి చూస్తే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం పెరిగి పంపు లాగలేకపోయేది. మూత తీసి పెడితే వెంటనే స్టార్టయ్యేది.

వేపర్ లాక్ కూడా చూసుకోండి. ఎండలో పైపులోనే పెట్రోలు మరిగి ఆవిరైతే పంపు ఆవిరిని తోయలేదు. పైపు మీద తడిగుడ్డ చుడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

స్పానరుచేయి

మీరు చెప్పినవి రెండూ నిజంగా జరిగేవే. అయితే వేపర్ లాక్ ఎక్కువగా కార్బురేటర్ బండ్ల బాధ. వాటిలో పంపు ఇంజన్ పక్కనే ఉండి పెట్రోలును దూరం నుంచి పీలుస్తుంది. పీల్చే వైపు ఒత్తిడి తక్కువ కాబట్టి తొందరగా మరుగుతుంది. ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకులో మునిగి ఉండి సుమారు 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో ముందుకు తోస్తుంది. ఆ ఒత్తిడిలో మరగడం కష్టం. పైగా పెట్రోలు అందక ఆగితే తడబాటు కనిపించాలి. అయినా మూత తీసి చూడటానికి పోయేదేముంది, చూడండి.

నీలిఆకాశం

కారణం వెతకడం కన్నా ముందు ఒక మాట. పోయిన ఏడాది పెద్ద రహదారి మీద, లారీల మధ్య, నాకు ఇలాగే ఆగింది. ఇంజన్ ఆగగానే స్టీరింగ్ బిగుసుకుపోయినంత బరువైంది. బ్రేకు మొదటిసారి మామూలుగానే పట్టింది, రెండోసారి గట్టిపడింది, మూడోసారి కాలంతా వేసి తొక్కాల్సి వచ్చింది. బ్రేకును తేలిక చేసే బూస్టరులో మిగిలిన శూన్యం ఒకటి రెండు తొక్కులకే సరిపోతుందని అప్పటికి నాకు తెలియదు. భయంలో బ్రేకును పదే పదే వదిలి తొక్కాను. అలా చేయకూడదు. ఒక్కసారే, వదలకుండా, గట్టిగా తొక్కి పట్టుకుని పక్కకు తీయాలి. ప్రమాద సూచిక లైట్లు వేయాలి. బండి పూర్తిగా నిలిచేదాకా తాళాన్ని లాక్ స్థానం దాకా తిప్పకండి, స్టీరింగ్ లాకైపోతుంది.

కారణం తేలేదాకా వేగంగా వెళ్లే దారుల్లోకి ఈ కారు తీసుకెళ్లకండి. పిల్లల్ని ఎక్కించుకోకండి. ఇది నా విన్నపం.

దారిపొడవునా

నీలిఆకాశం గారూ, తప్పకుండా పాటిస్తాను. ఇప్పుడు చుట్టుపక్కల వీధుల్లోనే తిప్పుతున్నాను.

నిన్న ఆగింది. మూడో గేరులో, క్లచ్ తొక్కకుండా, ముల్లు మీదే కన్ను వేసి ఉంచాను. 1800 దగ్గరున్న ముల్లు టక్కున సున్నాకు పడింది. బండి ఇంకా దొర్లుతోంది, అంటే ఇంజన్ తిరుగుతూనే ఉంది కదా! మూత తీశాను, ఏ చప్పుడూ రాలేదు. పంపు మోగిందో లేదో చుట్టూ హారన్ల మోతలో వినబడలేదు.

స్పానరుచేయి

ఇది చాలా పెద్ద ఆధారం. ఇంజన్ తిరుగుతున్నా ముల్లు సున్నా చూపిందంటే, క్రాంక్ పొజిషన్ సెన్సర్ (ఇంజన్ ఇరుసు తిరగడాన్ని పసిగట్టేది) నుంచి సిగ్నల్ పోయిందన్నమాట. ఆ సిగ్నల్ లేకపోతే ఈసీఎంకు, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టెకు, పిస్టన్ ఎక్కడుందో తెలియదు. రవ్వ ఇవ్వదు, ఇంజెక్టర్లు తెరవదు, పంపును కూడా ఆపేస్తుంది. వేడికి తెగి, చల్లబడితే అతుక్కునే తీగ చుట్ట లోపల ఉంటే సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలే వస్తాయి.

రెండు వైర్ల సెన్సర్ అయితే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి ఓమ్స్ కొలవండి. మూడు వైర్లుంటే అది సాధారణంగా హాల్ రకం (లోపల చిన్న ఎలక్ట్రానిక్ ముక్క ఉండేది), దానికి ఓమ్స్ కొలిచి లాభం లేదు. ఆగిపోయినప్పుడు సెన్సర్ మీద తడిగుడ్డ వేస్తే వెంటనే స్టార్టవుతుందేమో కూడా చూడండి. తిరిగే బెల్టులకు, ఎగ్జాస్ట్ గొట్టానికి చేయి తగలకుండా జాగ్రత్త.

దారిపొడవునా

రెండు వైర్ల సెన్సరే. చల్లగా 860 ఓమ్స్. అరగంట నడిపి వేడి మీద కొలిస్తే 1020. తడిగుడ్డ వేసే అవకాశం ఇంకా రాలేదు.

గేరుమార్పు

160 ఓమ్స్ పెరిగింది కదా, ఇంకా అనుమానమెందుకు? సెన్సర్ పోయింది. మార్చేయండి. నా బండికి కూడా అదే.

దారిపొడవునా

సెన్సర్ మార్చాను. తొమ్మిది రోజులైంది, ఒక్కసారి కూడా ఆగలేదు. అందరికీ మనసారా కృతజ్ఞతలు. వేడి మీద ఆగే బండి ఉన్నవారు ముల్లు పరీక్ష తప్పక చేయండి.

కొత్తలైసెన్సు

ఇక్కడే అడగవచ్చా? నా కారు కూడా వేడెక్కాక ఆగుతుంది, అయితే సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడే. కాస్త యాక్సిలరేటర్ తొక్కి ఉంచితే ఆగదు. ఆగినా వెంటనే స్టార్టవుతుంది. ఇదీ సెన్సరేనా?

స్పానరుచేయి

కాదు, మీది వేరే జబ్బు. యాక్సిలరేటర్ తొక్కితే నిలబడుతోందంటే రవ్వ, పెట్రోలు ఉన్నాయి. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, గాలి లెక్క కుదరడం లేదు. ముందు థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం) అంచున పేరుకున్న మసిని శుభ్రం చేయించండి, ఐడిల్ వాల్వు ఉంటే దాన్నీ. చల్లగా ఉన్నప్పుడు ఈసీఎం ఐడిల్‌ను పైకి ఎత్తి పెడుతుంది కాబట్టి మసి ఉన్నా తెలియదు, వేడెక్కి ఐడిల్ దిగాక బయటపడుతుంది. దానితో తగ్గకపోతే ఈజీఆర్ వాల్వు (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపేది) మూసుకోకుండా ఇరుక్కుందేమో చూడాలి. ఐడిల్‌లో పొగ తిరిగి లోపలికి వస్తే ఇంజన్‌కు ఊపిరాడదు. వెనుక నల్లపొగ, పెట్రోలు వాసన ఉంటే మాత్రం కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అనుమానించండి. అది ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని అబద్ధం చెబితే ఈసీఎం అవసరానికి మించి పెట్రోలు పోస్తుంది. సాధారణంగా 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్స్ చూపే ఆ సెన్సర్, 90 డిగ్రీలకు రెండు మూడు వందలకు దిగాలి.

డీజిల్‌ప్రేమి

డీజిల్ వాళ్లకు ఒక ముక్క. కామన్ రైల్ ఇంజన్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఒత్తిడితో డీజిల్ అందేది) వేడి మీద ఆగి, చల్లబడేదాకా స్టార్టు కాకపోతే ఇంజెక్టర్ల రిటర్న్ కొలిపించండి. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ఇంజెక్టర్ల నుంచి ఎక్కువగా వెనక్కి కారిపోతుంది. ఆ గొట్టంలో ఒత్తిడి నిలవదు. మాకు ప్లగ్గులు, కాయిళ్ల గోల లేదు కాని ఈ తిప్పలున్నాయి.

దారిపొడవునా

మళ్లీ ఆగింది.

ఈ మధ్యాహ్నం, ఎండలో, 35 నిమిషాల తర్వాత. అంతా పాత పద్ధతే: ముల్లు సున్నా, సెల్ఫు తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. కొత్త సెన్సర్ మీద తడిగుడ్డ వేసి నీళ్లు పోశాను, ఏ మార్పూ లేదు. ఆలోచిస్తే, ఆ తొమ్మిది రోజులూ ముసురే. బండి ఎక్కువ దూరం తిరగలేదు కూడా. బాగైందని నేనే తొందరపడి ఇక్కడ రాశాను, క్షమించండి. నిజంగా నిరాశగా ఉంది.

తీగమేస్త్రి

మొదటి నుంచి అంతా చదివాను. బండ్ల కరెంటు పని చేస్తాను. మూడు మాటలు చెప్పాలి, కాస్త ఓపికగా వినండి.

మీ పాత సెన్సర్ 860 నుంచి 1020కి పెరగడం లోపం కాదు. రాగి తీగ నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 860 ఉన్న చుట్ట 80 డిగ్రీలకు చేరితే దాదాపు 1020 కావాలి. అంటే మీ మీటర్ రాగి స్వభావాన్ని చూపింది, జబ్బును కాదు. తెగిపోయే చుట్ట అయితే వేల ఓమ్స్‌కు ఎగబాకాలి, లేదా మీటర్ అంతులేని నిరోధం చూపాలి. పాత సెన్సర్ పారేయకండి.

ముల్లు టక్కున పడిందంటే క్రాంక్ సిగ్నల్ లేదు అని ఒక అర్థం. ఆ సిగ్నల్ చదివే ఈసీఎంకే కరెంటు లేదు అని ఇంకో అర్థం. రెండింటికీ ముల్లు ఒకేలా పడుతుంది.

ఇక మూడోది. కోడ్ ఒక్కటీ లేదని మొదటి రోజే రాశారు. నన్ను ఆపింది ఆ వాక్యమే. క్రాంక్ సెన్సర్ ఇన్నిసార్లు పోయి ఉంటే పీ0335 లేదా పీ0336 అనే కోడ్ ఒక్కసారైనా నమోదయ్యే అవకాశం ఎక్కువ. సెన్సర్ పోయినా ఈసీఎం మెలకువగానే ఉండి అది రాసుకుంటుంది. కరెంటే పోయిన ఈసీఎం ఏం రాస్తుంది?

కాబట్టి ఈసారి ఆగగానే ఒక్క పని చేయండి. తాళం పూర్తిగా ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి, సెల్ఫు కొట్టకుండా మీటర్ల పలకను ఫోనుతో ఫోటో తీయండి. ఇప్పుడు, బాగున్నప్పుడు, కూడా ఒకటి తీసి పెట్టుకోండి. రెండూ పక్కపక్కన పెట్టి ఏ లైటు తక్కువైందో చెప్పండి.

దారిపొడవునా

రెండు ఫోటోలూ తీశాను. బాగున్నప్పుడు తాళం ఆన్ చేస్తే ఆయిల్, బ్యాటరీ, హ్యాండ్‌బ్రేక్, చెక్ ఇంజన్, నాలుగూ వెలుగుతున్నాయి. నిన్న సాయంత్రం ఆగినప్పుడు ఆయిల్, బ్యాటరీ, హ్యాండ్‌బ్రేక్ మాత్రమే ఉన్నాయి. చెక్ ఇంజన్ లైటు లేదు! ఈసారి వీధి నిశ్శబ్దంగా ఉంది, పంపు కూడా మోగలేదు.

ఇన్నాళ్లూ ఆ లైటు వెలగకపోవడం మంచికే అనుకున్నాను.

తీగమేస్త్రి

చాలామంది అలాగే అనుకుంటారు. తాళం ఆన్ చేసినప్పుడు ఆ లైటు వెలిగి తీరాలి, బల్బు బాగుందని, ఈసీఎం మెలకువలో ఉందని చెప్పడానికే అది వెలుగుతుంది. మీ కాలపు చాలా బండ్లలో దాన్ని ఈసీఎమే ఎర్తుకు కలిపి వెలిగిస్తుంది. ఈసీఎంకు కరెంటు లేకపోతే లైటూ లేదు. (కొత్త బండ్లలో పలకకు సొంత బుర్ర ఉంటుంది. ఈసీఎం నుంచి జవాబు రాకపోతే పలకే ఆ లైటు వేయవచ్చు. చదువుతున్న మిగతావారు ఇది గుర్తుంచుకోండి.)

ఇప్పుడు కరెంటు దారి వెతకాలి. వరుసగా బ్యాటరీ, పెద్ద ఫ్యూజు, మెయిన్ రిలే (చిన్న కరెంటుతో లేచి పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఈసీఎం. తాళం స్విచ్ ఆ రిలేను లేపుతుంది. రిలే మీద అంకెలుంటాయి: 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, 87 అంటే ఈసీఎం వైపు పోయేది, 85, 86 రెండూ లోపలి అయస్కాంతపు చుట్టవి. మీ బండిలో తాళం నుంచి వచ్చేది 85, 86లలో ఏదో వైరింగ్ పటంలో చూసుకోండి. సాధారణంగా 86 ఉంటుంది.

రిలేను ఇప్పుడే పీకకండి. పీకి పెడితే కొన్నాళ్లు బాగవుతుంది, మళ్లీ అదే కథ. దాన్ని కదపకుండా, సాకెట్ వెనుక నుంచి 86 వైరుకు ఒక సన్నని తీగ, 87 వైరుకు ఇంకొకటి తగిలించండి. రెండింటికీ ఒక్కో ఆంపియరు ఫ్యూజు పెట్టి, చెరో చిన్న 12 వోల్టుల బల్బుకు కలిపి, ఇంకో కొసను ఎర్తుకు ఇవ్వండి. బల్బులు కంటికి కనబడేలా డాష్‌బోర్డు మీద ఉంచండి. తీగలు పెడళ్ల దగ్గరికి వేలాడకూడదు.

బండి ఆగినప్పుడు రెండూ ఆరితే తాళం స్విచ్ లేదా దాని ఫ్యూజు వైపు. 87 బల్బు ఒక్కటే ఆరితే రిలే, దాని ఎర్త్, లేదా 30 దగ్గరి లోపం. రెండూ వెలుగుతూనే ఉంటే నేను చెప్పింది తప్పు, ఈసీఎం ఎర్తులు చూడాలి.

గేరుమార్పు

ఇంత శ్రమ ఎందుకు, రిలే చిన్న భాగమే కదా, కొత్తది పెట్టి చూస్తే పోలేదా?

తీగమేస్త్రి

పంపు, ప్లగ్గులు, సెన్సర్ కూడా అలాగే పెట్టి చూశారు. కొత్త రిలే పెడితే నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. అప్పుడు రిలే వల్ల బాగైందా, సాకెట్ కదిలినందుకు బాగైందా, ముసురు పట్టినందుకు బాగైందా? వీరు ఒకసారి తొమ్మిది రోజులు నమ్మి మోసపోయారు. రెండోసారి అలా జరగనివ్వను.

స్పానరుచేయి

తీగమేస్త్రి గారి మాటే సరైనది. దారిపొడవునా గారూ, ముల్లు గురించి నేను సగమే చెప్పాను. సిగ్నల్ పోయింది అన్నాను, చదివే పెట్టెకు కరెంటు పోయి ఉండవచ్చు అనలేదు. ఓమ్స్ లెక్క మీద మార్చేయమన్నప్పుడు కూడా నేను అడ్డుపడలేదు. ఆ సెన్సర్ మార్పు నా పొరపాటు. ఇకపై ఈ పరీక్ష ఎవరికి చెప్పినా లైటు ఫోటో ముందు అడుగుతాను.

దారిపొడవునా

మీరలా అనకండి. మీరు చెప్పకపోతే ముల్లు వైపు చూసేవాడినే కాదు.

బల్బులు కట్టాను. ఎడమది 86, కుడిది 87. రెండు రోజులు తిరిగాను, ఆగలేదు. మూడో రోజు ఎండ కాసింది. అద్దాలు మూసి, కావాలనే ఎండలో గంటసేపు నిలిపి, తర్వాత బయలుదేరాను. పదిహేనో నిమిషంలో కుడి బల్బు ఒకసారి రెప్పవేసింది. ఇంజన్ చిన్నగా ఉలిక్కిపడి నిలదొక్కుకుంది. ఇంకో రెండు నిమిషాలకు కుడి బల్బు ఆరిపోయింది, అదే క్షణంలో ఇంజన్ ఆగింది. ఎడమ బల్బు వెలుగుతూనే ఉంది. మూడు నెలల్లో మొదటిసారి, బండి ఆగినందుకు సంతోషించాను.

పక్కకు ఆపి, రిలే వెనుక 30 వైరు మీద మీటర్ పెట్టాను, 12.4 వోల్టులు. 87 దగ్గర సున్నా. స్క్రూడ్రైవర్ పిడితో రిలేను మెల్లగా తట్టాను. బల్బు వెలిగింది! పంపు మోగింది, చెక్ ఇంజన్ లైటు వచ్చింది. సెల్ఫు కొడితే అందుకుంది.

తీగమేస్త్రి

ఎర్త్ పోయి ఉంటే తట్టగానే రాదు. దొరికింది. ఇప్పుడు రిలే తీసి, పైమూత ఊడదీసి, అడుగున టంకం చుక్కలను భూతద్దంతో చూడండి. పిన్ను చుట్టూ ఉంగరంలా సన్నని నల్లగీత ఉంటుంది. సాకెట్ లోపలా చూడండి, ముఖ్యంగా 30, 87 గూళ్లు.

దారిపొడవునా

గీత ఉంది. ఒక లావుపాటి పిన్ను చుట్టూ పూర్తిగా గుండ్రంగా. వేలితో కదిపితే పిన్ను టంకంలో వెంట్రుకంత కదులుతోంది. సాకెట్‌లో 30 గూడు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కాస్త పెళుసుగా అయింది. రిలేకు మళ్లీ టంకం వేయించాలా, కొత్తది కొనాలా?

పాతకార్బురేటర్

పాత టంకం పీల్చేసి కొత్తది వేస్తే బాగానే పనిచేస్తుంది, నేను చాలా వాటికి వేశాను.

తీగమేస్త్రి

టంకం వేసి నడపవచ్చు, కాదనను. అయితే లోపలి కాంటాక్టులు కూడా 14 ఏళ్లు నిప్పురవ్వలు తిన్నవి. అవి టంకంతో బాగుపడవు. కొత్త రిలే పెట్టండి, అదే నంబరుది.

కాని అంతకన్నా ముఖ్యం ఆ గోధుమరంగు గూడు. అక్కడ పట్టు వదులైంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడి పిన్ను గుండా రిలే లోపలికి పోయి టంకాన్ని రోజూ సాగదీసి, ముడిచి, చివరికి చీల్చింది. ఎండలో డాష్‌బోర్డు కింది వేడి దీనికి తోడైంది. షెడ్డు నీడలో, బానెట్ ఎత్తి, తలుపులు తెరిచి నడిపితే ఆగకపోవడం అందుకే. గూడు బాగుచేయకుండా రిలే మారిస్తే కొత్త రిలేకు కూడా ఇదే గతి పడుతుంది.

కొత్త రిలే పెట్టాక ఇంజన్ నడుస్తుండగా, ఏసీ, లైట్లు వేసి, మీటర్ ఒక మొనను సాకెట్ వెనుక 30 వైరు మీద, రెండో మొనను రిలే 30 పిన్ను మీద ఆనించండి. అక్కడ ఎంత వోల్టేజి పోతోందో చెప్పండి.

దారిపొడవునా

0.4 వోల్టు చూపుతోంది. ఇది చాలా తక్కువ కదా?

తీగమేస్త్రి

తక్కువ కాదు. ఒక చిన్న గూటిలో 0.4 వోల్టు పోతోందంటే, పది ఆంపియర్లు పారినప్పుడు 4 వాట్ల వేడి ఆ గోరంత ప్లాస్టిక్‌లో పుడుతోంది. గంటలకొద్దీ. అది 0.1 లోపు ఉండాలి. ఆ టెర్మినల్ కోసి, కొత్తది సరైన క్రింపింగ్ పరికరంతో నొక్కించండి. శ్రావణంతో పాత గూడును బిగిస్తే కొన్ని నెలలే నిలుస్తుంది, వేడెక్కిన లోహానికి స్ప్రింగు గుణం పోయి ఉంటుంది. పనికి ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయడం మరవకండి, 30లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది.

నీలిఆకాశం

నా బండికి కారణం చివరిదాకా తెలియనేలేదు, భయంతో అమ్మేశాను. ఇది చదివాక ఆ రోజు తాళం ఆన్ చేసినప్పుడు ఏ లైట్లు వెలిగాయా అని గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను. ఇప్పుడున్న కారుకు ఉదయమే ఫోటో తీసి ఫోనులో ఉంచుకున్నాను.

కొత్తలైసెన్సు

స్పానరుచేయి గారూ, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను. అంచున నల్లటి పొర గోరుతో గీస్తే వచ్చేంత ఉంది. బ్యాటరీ తీసి పెట్టినందుకు మొదటి రోజు ఐడిల్ కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా, తర్వాత సర్దుకుంది. సిగ్నళ్ల దగ్గర ఇప్పుడు ఆగడం లేదు.

దారిపొడవునా

కొత్త టెర్మినల్ వేయించి, కొత్త రిలే పెట్టి నెల దాటింది. అదే చోట ఇప్పుడు 0.05 వోల్టు. ఈసారి ముసురు కాదు, ఎండలే. మిట్టమధ్యాహ్నం అద్దాలు మూసి గంటసేపు ఎండలో నిలిపాను, ఏసీ వేసి 40 నిమిషాలు ఐడిల్‌లో ఉంచాను, రద్దీలో రెండు గంటలు నడిపాను. కుడి బల్బు ఒక్కసారి కూడా రెప్పవేయలేదు.

పాత క్రాంక్ సెన్సర్‌ను తిరిగి బిగించి రెండు వారాలు నడిపి చూశాను, దానిలో ఏ లోపమూ లేదు. కొత్తది డిక్కీలో దాచాను. బల్బులు ఇంకా తీయలేదు.

తీగమేస్త్రి

ఎండలు పోయేదాకా ఉంచండి. తీసేటప్పుడు వైర్లకు గుచ్చిన చోట టేపు చుట్టకుండా వదలకండి, తేమ చేరి పచ్చగా తుప్పు పడుతుంది.